పొయ్యి వెలిగించని వేసవి విందు: పండ్ల పొరల ఫలహారం

వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్లు బంధువులతో నిండిపోతాయి. పెళ్లిళ్లు, ఉపనయనాలు, గృహప్రవేశాలు కూడా ఎక్కువగా ఈ కాలంలోనే జరుగుతాయి. వచ్చినవారికి తీపి పెట్టకుండా పంపడం మన మర్యాద కాదు. అయితే మండుటెండలో పొయ్యి ముందు నిలబడి నేతితో, పాకంతో పిండివంటలు చేయడం గృహిణికి శ్రమ. వాటిని అరిగించుకోవడం అతిథికి భారం. ఈ రెండు ఇబ్బందులకూ మన తోటలే పరిష్కారం చూపుతున్నాయి. మామిడి, తాటిముంజ, కొబ్బరిబోండాం, దానిమ్మ ఉంటే నిప్పు అవసరం లేకుండానే పదిమందికి నచ్చే ఫలహారం సిద్ధమవుతుంది.

కానీ ఒక్క విషయం మొదట గ్రహించాలి. పండ్లు మంచివి కదా అని వాటిని దేనితోనైనా కలపవచ్చునని అనుకోరాదు. ఆయుర్వేదం పదార్థపు గుణాన్ని చెప్పి ఊరుకోదు, దానిని దేనితో కలుపుతున్నామో కూడా చూస్తుంది. అందుచేత ఈ పాఠంలో ఏమి కలపాలో, ఏమి కలపకూడదో ముందు తెలుసుకొని, తరువాత చేసే విధానానికి వద్దాం.

గ్రీష్మ ఋతువు, మన శరీరం

గ్రీష్మంలో సూర్యుడు తన తీక్ష్ణ కిరణాలతో జగత్తులోని స్నిగ్ధతను పీల్చివేస్తాడని, అందువల్ల ప్రాణులకు బలం తగ్గుతుందని చరకసంహిత చెబుతుంది. ఈ ఋతువులో మధుర రసం, చలువ గుణం, ద్రవత్వం, స్నిగ్ధత కల ఆహారం తీసుకోవాలి. ఉప్పు, పులుపు, కారం తగ్గించాలి. పేలపిండిని చల్లని నీటితో, చక్కెరతో కలిపిన మంథాన్ని చరకుడు ఈ కాలానికి ప్రత్యేకంగా చెప్పాడు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో కొత్త మట్టిపాత్రలో ఉంచిన పానకాలను వేసవికి విధించాడు. ఎండిన శరీరానికి తీపి, చలువ, తేమ, తేలికదనం కావాలన్నదే వీటి సారాంశం. మన ఫలహారానికి ఇదే పునాది.

పాలు, పండ్లు: విరుద్ధం ఎక్కడ?

నేడు విందుల్లో పండ్లముక్కలను పాలతో చేసిన కస్టర్డ్‌లో కలిపి వడ్డించడం ఎక్కువైంది. అరటి, ద్రాక్ష, దానిమ్మ, అనాస అన్నీ ఒకే గిన్నెలో తేలుతుంటాయి. చరకసంహిత సూత్రస్థానంలో విరుద్ధాహారాన్ని వివరించేటప్పుడు మామిడి, అరటి, నేరేడు, పనస, కొబ్బరి, దానిమ్మ, ఉసిరి మొదలైన వాటిని, పుల్లని పదార్థాలన్నింటినీ పాలతో కలిపి తినరాదని చెప్పారు. అష్టాంగహృదయం అరటిపండును మజ్జిగతోగాని, పెరుగుతోగాని, తాటిపండుతోగాని కలపవద్దంటుంది.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. మామిడిరసంలో పాలు పోసుకొని తాగడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే కదా! నిజమే. 16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో పాలతో కూడిన మామిడిపండు వాతపిత్తాలను హరించి, బలాన్ని, కాంతిని ఇస్తుందని మెచ్చుకున్నాడు. అయితే అది గురుత్వం కలది, అనగా అరగడానికి ఆలస్యమయ్యేది అని కూడా అక్కడే చెప్పాడు. ఈ రెండు మాటలను కలిపి చదివే వైద్యులు, పుల్లని మామిడికి నిషేధమని, చెట్టున పక్వమైన తీయని పండుకు మినహాయింపు అని అన్వయిస్తారు.

ఆధునిక పోషకాహార శాస్త్రం పాలు, పండ్ల కలయికను అందరికీ నిషిద్ధమని చెప్పదు. కాని పాలు అరగనివారు మనలో చాలామంది ఉన్నారనీ, పాలతో కలిపిన పండ్లముక్కలు వేసవి వేడిలో బల్లమీద గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయనీ అది కూడా అంగీకరిస్తుంది. నలభైమంది తినే విందులో ఎవరి కోష్ఠం ఎటువంటిదో మనకు తెలియదు. ఏ పండు ఎంత పుల్లగా ఉంటుందో కోసేదాకా తెలియదు. అందుచేత పాలను, పెరుగును పూర్తిగా విడిచి, ఆ నునుపును లేతకొబ్బరితో సాధించడం ఉత్తమం. చరకుని జాబితాలో కొబ్బరికి విరోధం పాలతోనే. ఇక్కడ పాలే లేవు కనుక ఆ దోషం రాదు.

కావలసిన పదార్థాలు (ఎనిమిది మందికి)

బాగా పండిన బంగినపల్లి మామిడిపండ్లు – పెద్దవి 3
లేత తాటిముంజలు – 12
లేతకొబ్బరి కట్టిన కొబ్బరిబోండాలు – 4
గింజ తీసిన ఖర్జూరాలు – 16
వరిపేలాలు – 2 కప్పులు
దానిమ్మ గింజలు – 1 కప్పు
ఏలకుల పొడి – అర చెంచా
పటికబెల్లం పొడి – అవసరమైతే 2 చెంచాలు

వరిపేలాలు దొరకనిచోట జొన్నపేలాలు వాడవచ్చు. బొరుగులు వేరు, పేలాలు వేరు. బొరుగులకు తరచు ఉప్పు తగిలి ఉంటుంది కనుక అవి దీనికి పనికిరావు.

ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

విందు ఆదివారమైతే మామిడిపండ్ల పని మంగళ, బుధవారాల్లోనే మొదలు కావాలి. పక్వానికి వచ్చిన కాయలను తెచ్చి వరిగడ్డిలో మాగవేయడం మన పెద్దల పద్ధతి. కాయలను త్వరగా పండించడానికి కొందరు వ్యాపారులు కాల్షియం కార్బైడును వాడుతున్నారు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం దానితో పండ్లను మాగబెట్టడం నిషిద్ధం. నియమిత పరిమాణంలో ఇథిలీన్ వాయువుకు మాత్రమే అనుమతి ఉన్నది. తొక్క అంతా ఒకే తీరున పచ్చగా మెరుస్తూ, ముచ్చిక దగ్గర వాసన లేకుండా, లోపల పుల్లగా ఉన్న పండును అనుమానించాలి. ఇంట్లో మాగవేసుకుంటే ఈ బెడద ఉండదు.

మాగిన పండ్లను కోయడానికి గంట ముందు చల్లని నీటిలో వేసి ఉంచాలి. ముచ్చిక దగ్గర ఉండే సొన కడుక్కుపోతుంది. ఆ సొన తగిలితే కొందరికి నోటిచుట్టూ దురద, పొక్కులు వస్తాయి.

తాటిముంజలు ఏ రోజువి ఆ రోజే కొనాలి. వేలితో నొక్కితే మెత్తగా ఉండి లోపల నీరు కదిలేవి లేతవి. ముదిరినవి సులభంగా అరగవు, కడుపునొప్పి కలిగిస్తాయి. వరిపేలాలలో వడ్లపొట్టు మిగిలిపోతుంది కనుక చెరిగి, ఏరి, పొడి చేసుకోవాలి.

చేసే విధానం

1. బోండాల నీటిని వేరే పాత్రలోకి తీసి ఉంచండి. లోపలి లేతకొబ్బరిని గీకి, రెండు మూడు చెంచాల బోండాం నీటితో మిక్సీలో మెత్తగా రుబ్బండి. మీగడలా చిక్కగా రావాలి. నీరు ఎక్కువైతే పొర నిలువదు.

2. ఖర్జూరాలను సన్నగా తరిగి, పావుకప్పు బోండాం నీటిలో పదిహేను నిమిషాలు నాననిచ్చి, గరిటెతో మెదపండి. దానిలో పేలపిండి, ఏలకుల పొడి కలపండి. పిడికిట పడితే ముద్దగా నిలిచి, వదిలితే పొడిపొడిగా రాలేలా ఉండాలి.

3. మామిడిపండ్ల తొక్క తీసి, సగం గుజ్జును మెదపండి. మిగిలిన సగాన్ని చిన్న ముక్కలుగా కోసి ఆ గుజ్జులో కలపండి. పండు తీయగా ఉంటే పటికబెల్లం అక్కరలేదు.

4. ముంజల పైనున్న పలుచని గోధుమరంగు పొరను చేతితో ఒలిచి, ఒక్కొక్కటి నాలుగు ముక్కలు చేయండి.

5. ఎనిమిది గాజు గ్లాసులు తీసుకోండి. అడుగున ఖర్జూరం, పేలపిండి మిశ్రమాన్ని సమంగా పరిచి, చెంచాతో కొద్దిగా అదమండి. దానిపై మామిడి, దానిపై ముంజలు, ఆపైన కొబ్బరి మీగడ వేయండి. చివర దానిమ్మ గింజలు చల్లండి.

పొరల వరుసకు కారణం ఉన్నది. పై పండ్ల నుండి దిగే రసాన్ని అడుగున ఉన్న పేలపిండి పీల్చుకుంటుంది. అందువల్ల గ్లాసు అడుగున నీరు చేరదు. పేలపిండి కూడా నాని మెత్తబడుతుంది. దానిమ్మను మధ్యలో వేస్తే దాని ఎరుపు కొబ్బరి తెల్లదనాన్ని చెడగొడుతుంది కనుక అది పైనే ఉండాలి. పుచ్చకాయ, కర్బూజ వేయాలనిపించినా వేయవద్దు. వాటి నీరు పొరలన్నింటినీ కలిపివేస్తుంది. వాటిని విడిగా పెట్టండి.

నిప్పు లేనిచోట శుభ్రతే నిప్పు

వండిన పదార్థంలోని సూక్ష్మజీవులను అగ్ని చాలావరకు నశింపజేస్తుంది. ఈ ఫలహారానికి ఆ రక్షణ లేదు. ఆ బాధ్యత చేసేవారి చేతులమీద ఉన్నది. చేతులను సబ్బుతో కడుక్కోవాలి. ఉల్లిపాయలు, మాంసం కోసే పీటను, కత్తిని దీనికి వాడరాదు. పండ్లను కోయకముందే తొక్కతో సహా కడగాలి. కడగని తొక్కమీది మురికి కత్తివెంట లోపలికి పోతుంది. ఎక్కడైనా నీరు కలపవలసివస్తే కాచి చల్లార్చినదే కలపాలి.

వడ్డించడానికి గంట ముందు మాత్రమే పొరలు పేర్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. గది వేడి 32 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు కోసిన పండ్లను బయట గంటకు మించి ఉంచకూడదు. కొబ్బరి అన్నిటికన్నా ముందుగా పులుస్తుంది. మిగిలినది మరునాటికి దాచవద్దు.

ఫ్రిజ్ లేని ఇంట్లో పండ్లను కోయకుండానే కొత్త కుండ నీటిలో వేసి చల్లబరచి, అతిథులు వచ్చిన తరువాత కోసి, వెంటనే పెట్టవచ్చు. కుండ గోడల గుండా ఊరే నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. పొడిగాలి వీచే రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల్లో ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే కోస్తాలో అంత చల్లదనం రాదు.

ఎప్పుడు తినాలి?

భోజనం చివర కడుపునిండిన తరువాత తీపి పెట్టడం ఇప్పటి వాడుక. సుశ్రుతసంహిత ఇందుకు భిన్నంగా, భోజనంలో మధుర రసం మొదట తినాలని, దానిమ్మ మొదలైన పండ్లను ఆరంభంలోనే తీసుకోవాలని చెబుతుంది. కనుక ఈ ఫలహారాన్ని భోజనానికి ముందుగాని, సాయంకాలం నాలుగు గంటల వేళ విడిగాగాని పెట్టండి. విందుభోజనం పైన మరొక గ్లాసు పండ్లు పెడితే ఎంత మంచి పదార్థమైనా భారమే అవుతుంది.

ఎవరికి ఎలా?

మధుమేహం ఉన్నవారికి మామిడి, ఖర్జూరం, పేలపిండి మూడూ రక్తంలో చక్కెరను పెంచేవే. వారిని విందులో చిన్నబుచ్చకుండా, అదే గాజు గ్లాసులో ముంజలు, కొబ్బరి మీగడ, కొద్దిగా దానిమ్మ గింజలు వేసి ఇవ్వండి. చూడటానికి తేడా తెలియదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి కొబ్బరినీరు, మామిడి, ఖర్జూరాలలోని పొటాషియం హాని చేయవచ్చు. వారు వైద్యుని అడగనిదే తీసుకోరాదు.

చిన్నపిల్లలకు ఖర్జూరాన్ని, ముంజలను బాగా మెదిపి పెట్టాలి. గొంతుకు అడ్డుపడే పెద్ద ముక్కలు ఉండరాదు. తీపికోసం తేనె వాడేవారు ఏడాది నిండని బిడ్డకు దానిని నాకించవద్దు. ఆ వయస్సులో తేనె ప్రమాదకరం. పచ్చకర్పూరం వేసే అలవాటున్న ఇళ్లవారు పిల్లలు తినే విందులో దానిని మానివేయాలి. ఏలకుల సువాసన చాలు. జలుబు, దగ్గు ఉన్నవారికి ఫ్రిజ్‌లో పెట్టని గ్లాసు ఇవ్వండి.

ముగింపు మాట

ఈ ఫలహారంలో ఖరీదైన వస్తువు లేదు, డబ్బా నుండి తీసిన పొడి లేదు, కృత్రిమమైన రంగు లేదు. అంగట్లో మే నెలలో దొరికేవాటినే వాటి గుణం తెలిసి, ఒకదానికొకటి విరోధం కాకుండా పేర్చాము. మీ ప్రాంతంలో ముంజలు దొరకకపోతే ఆ స్థానంలో గింజలు లేని తీయని ద్రాక్షను నిలువుగా చీల్చి వేసుకోండి. కాలం మారితే పండ్లు మార్చండి. అయితే పాలు, పెరుగు కలిపేముందు మాత్రం ఒక్కక్షణం ఆగి, ఈ పండు వాటికి మిత్రమా, శత్రువా అని ఆలోచించండి. అతిథి మన ఇంట్లో తిన్నప్పుడే కాదు, తన ఇంటికి చేరిన తరువాత కూడా సుఖంగా ఉండటమే నిజమైన ఆతిథ్యం.