నొటేషన్ యాప్‌లో ప్లగిన్ మోగట్లేదా? మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఇవి చూడండి

స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్ విడిగా బాగానే పనిచేస్తుంది. వాద్యం మోగించే ప్లగిన్ కూడా విడిగా బాగానే మోగుతుంది. రెండిటినీ కలిపితేనే గొడవ. ప్లగిన్ లిస్టులో కనపడదు, కనపడినా మోగదు, మోగినా శ్రుతి తప్పుతుంది, లేదంటే యాప్ మొత్తం ఠక్కున మూసుకుపోతుంది.

మా ముమ్మిడివరం చుట్టుపక్కల పెళ్లి బ్యాండుల్లో, చర్చి క్వైర్లలో కీబోర్డు వాయించే కుర్రాళ్లు ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే పార్టులు రాసుకుంటున్నారు. అలాంటివాళ్లకి ఈ సమస్య వస్తే అందరూ చెప్పేది ఒకటే సలహా: "అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి." నాకు ఈ సలహా అస్సలు నచ్చదు. 20 జీబీ శాంపిల్ లైబ్రరీ తీసేశారనుకోండి, రోజుకి 1.5 జీబీ మొబైల్ డేటాతో అది మళ్లీ దిగడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా పెళ్లి అయిపోతుంది, పండగా అయిపోతుంది. పైగా తప్పు ఎక్కడుందో తెలియకుండా తీసేస్తే, మళ్లీ పెట్టాక అదే తప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి ముందు తప్పు ఎవరిదో తేలుద్దాం.

విడిగా మోగుతోందా?

చాలా ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్లకి తోడుగా విడిగా తెరుచుకునే యాప్ కూడా వస్తుంది. కాంటాక్ట్, డీసెంట్ శాంప్లర్, సర్జ్ ఎక్స్‌టీ, అన్నిటికీ ఉంది. ముందు అది తెరిచి ఒక కీ నొక్కండి. అక్కడే మోగకపోతే నొటేషన్ యాప్‌ది తప్పు కాదు. లైసెన్స్, శాంపిల్ ఫోల్డర్, సౌండ్ డ్రైవర్, ఈ మూడిట్లో ఏదో ఒకటి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో శాంపిల్స్ పెట్టుకున్నవాళ్లకి డ్రైవ్ లెటర్ మారిపోయి ప్లగిన్ ఖాళీగా తెరుచుకోవడం మామూలే.

అక్కడ మోగిందా? అయితే ఇప్పుడు రెండో పరీక్ష. అదే స్కోర్‌లో అదే ట్రాక్‌కి వేరే చిన్న ప్లగిన్ పెట్టి చూడండి. నేను సర్జ్ ఎక్స్‌టీ వాడతాను. ఉచితం, లైసెన్స్ గోల లేదు, లోడ్ అవడానికి శాంపిల్స్ అక్కర్లేదు. అది మోగి మీది మోగకపోతే తగాదా మీ ప్లగిన్‌కీ ఈ యాప్‌కీ మధ్యే. రెండూ మోగకపోతే యాప్ ఆడియో సెట్టింగులు చూడండి. ఈ రెండు పరీక్షలకీ కలిపి పది నిమిషాలు చాలు.

లిస్టులోనే లేదంటే

ఎక్కువమందికి ఇక్కడే ఆగిపోతుంది. కారణం ఫార్మాట్. విఎస్‌టి అనే పద్ధతిని స్టెయిన్‌బర్గ్ 1996లో తెచ్చింది. విఎస్‌టి3 వచ్చింది 2008లో. పాత విఎస్‌టి2 కిట్ ఇవ్వడం 2018లో ఆపేశారు. 2022 డిసెంబర్‌లో వచ్చిన మ్యూజ్‌స్కోర్ 4 విఎస్‌టి3ని మాత్రమే చదువుతుంది. దానికి ముందున్న మ్యూజ్‌స్కోర్ 3లో అయితే విఎస్‌టి అనేదే లేదు. కాబట్టి ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత డీఎల్‌ఎల్ ప్లగిన్ మ్యూజ్‌స్కోర్‌లో కనపడదు, ఎన్నిసార్లు స్కాన్ చేసినా సరే. తయారీదారు దగ్గర విఎస్‌టి3 వెర్షన్ ఉందేమో చూడటమే దారి.

విఎస్‌టి3యే అయితే అది ఉండాల్సిన చోటు ఉందా చూడండి. విండోస్‌లో సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, కామన్ ఫైల్స్, విఎస్‌టి3. ఎక్స్86 అని ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటే అది 32 బిట్ ప్లగిన్, ఇప్పటి 64 బిట్ యాప్ దాన్ని నేరుగా లోడ్ చేయలేదు. కొత్త మ్యాక్‌లో మరో తిరకాసుంది: యాప్ ఆపిల్ చిప్ కోసం తయారైనదై, ప్లగిన్ ఇంటెల్ కాలం నాటిదైతే రెండూ కలవవు. యాప్‌ని రొసెట్టాలో తెరిస్తే అప్పటికి గడుస్తుంది.

ఇంకో మాట. మ్యూజ్‌స్కోర్‌లో "ప్లగిన్స్" అనే మెనూ ఉంది కదా, వాద్యాలు అక్కడ వెతకొద్దు. అది స్కోర్ మీద చిన్న చిన్న పనులు చేసే స్క్రిప్టుల మెనూ. వాద్యాలు మిక్సర్‌లో ఉంటాయి. ఎఫ్10 నొక్కి, ట్రాక్ పైన సౌండ్ దగ్గర క్లిక్ చేస్తే విఎస్‌టి3 లిస్టు వస్తుంది. రెండిటికీ ఒకే పేరు పెట్టి ఎంతమంది టైం తినేశారో!

తెరవగానే మూసుకుపోతే

మా బాబాయి గారబ్బాయి బ్యాండులో కీబోర్డు వాయిస్తాడు. శుక్రవారానికి డెమో పంపితేనే పెళ్లివాళ్లు అడ్వాన్స్ ఇస్తామన్నారు. బుధవారం సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నయ్యా, నిన్నటిదాకా బాగానే మోగిందన్నయ్యా, పొద్దున్నించీ తెరిస్తే చాలు మూసుకుపోతంది." మధ్యలో ఏం ఇన్‌స్టాల్ చేశావురా అంటే, "ఏం లేదండి, ఉచితంగా వచ్చినవి ఓ నలభై" అన్నాడు. ఆయ్, నలభై!

ఇలాంటప్పుడు ముందు విండోస్‌నే అడగాలి. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ చూడండి. యాప్ కూలిన టైం దగ్గర ఎర్ర గుర్తుతో ఒక ఎంట్రీ ఉంటుంది. అందులో "ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్" అన్న వరుసలో ప్లగిన్ పేరు కనపడితే దొంగ దొరికినట్టే. అక్కడ ఎన్‌టిడిఎల్‌ఎల్ లాంటి విండోస్ సొంత ఫైల్ పేరుంటే మాత్రం ఏమీ తేలదు. మావాడికి అదే వచ్చింది.

అప్పుడు సగం పద్ధతి. విఎస్‌టి3 ఫోల్డర్‌లోంచి సగం ప్లగిన్లని డెస్క్‌టాప్ మీద వేరే ఫోల్డర్‌లోకి జరపండి. డిలీట్ చేయొద్దు, జరపండి చాలు. యాప్ తెరవండి. తెరుచుకుంటే తప్పు జరిపిన సగంలో ఉంది, మళ్లీ కూలితే మిగిలిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. నలభై ప్లగిన్లున్నా ఆరు విడతల్లో ఒక్కటే మిగులుతుంది. ఒక్కోటీ తీసి చూస్తే నలభైసార్లు తెరవాల్సి వచ్చేది. కొన్ని విఎస్‌టి3లు ఫైల్‌లా కాకుండా ఫోల్డర్‌లా ఉంటాయి, వాటిని లోపలివి విడదీయకుండా మొత్తంగా జరపాలి.

మావాడి విషయంలో ఐదో విడతకే దొరికింది. వాద్యం కూడా కాదు, అతను ఎప్పుడూ వాడని ఒక రివర్బ్ ఎఫెక్ట్. మీరు వాడకపోయినా, యాప్ స్కాన్ చేసేటప్పుడు ప్రతి ప్లగిన్‌నీ ఒకసారి కదిపి చూస్తుంది. అక్కడే కూలుతుంది. డోరికోలో సౌండ్ ఇంజిన్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది కాబట్టి ప్లగిన్ కూలితే సౌండ్ పోతుంది గానీ స్కోర్ విండో అలాగే ఉండే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క విషయంలో నా ఓటు డోరికోకే.

శ్రుతి మారిపోతే

నాకు అన్నిటికంటే ఇష్టమైన సమస్య ఇదే, చెవితోనే పట్టుకోవచ్చు కాబట్టి. ప్రోగ్రామ్ 44.1 కిలోహెర్ట్జ్‌లో, సౌండ్ కార్డు 48లో ఉండి మధ్యలో మార్చేవాళ్లు లేకపోతే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది. అంటే ఒకటి శ్రుతిలో రాసింది ఒకటిన్నరకీ రెండుకీ మధ్య ఎక్కడో మోగుతుంది. ఏ సన్నాయీ దానితో కలవదు. ఇప్పుడు టెంపో గమనించండి. 120 పెట్టింది 130 దాటి పరిగెడుతుంటే తప్పు డ్రైవర్‌ది. టెంపో సరిగ్గానే ఉండి ఒక్క వాద్యమే పైకి పోతే ఆ ప్లగిన్ లోపలి శాంపిల్ రేట్ చూడండి.

గమకాల దగ్గర ఇంకో రకం. సిబెలియస్‌లో, డోరికోలో పిచ్ బెండ్ రాసుకోవచ్చు. మామూలుగా బెండ్ పరిధి పైకి రెండు సెమిటోన్లు, కిందికి రెండు. ప్లగిన్‌లో అది 12కి పెట్టి ఉంటే మీరు షడ్జం నుంచి శుద్ధ రిషభానికి జారుదామని రాసింది ప్రతి మధ్యమం దాకా వెళ్లిపోతుంది. చాలామంది దీన్ని బగ్ అనుకుంటారు. ప్లగిన్‌లో బెండ్ రేంజ్ 2కి మారిస్తే సరి.

మూగబోవడంలోనూ ఇలాంటి మాయ ఉంది. పెద్ద లైబ్రరీల్లో కింది స్థాయి కొన్ని మీటలు శబ్దం కోసం కాదు, వాయించే తీరు మార్చడం కోసం ఉంటాయి. వీటిని కీస్విచ్‌లంటారు. మాన్యువల్‌లో సి1 అని ఉంటే మీ యాప్‌లో అదే మీట సి2 కావచ్చు, ఎందుకంటే 60వ నంబర్ మిడి స్వరాన్ని కొందరు సి3 అంటారు, కొందరు సి4 అంటారు. పేరు చూడకండి, నంబర్ చూడండి. కాంటాక్ట్‌లో అయితే వాద్యం ఏ మిడి ఛానెల్ వింటోందో కూడా చూడండి. అనుమానంగా ఉంటే ఓమ్ని పెట్టండి, అన్ని ఛానెళ్లూ వింటుంది.

చిటపటలు

ఇది అసలు తగాదా కాదు, ల్యాప్‌టాప్ అలిసిపోవడం. మ్యూజ్‌స్కోర్‌లో ఒక్కో వాద్యానికి ఒక్కో ప్లగిన్ విడిగా తెరుచుకుంటుంది. పన్నెండు పార్టులుంటే పన్నెండు. 8 జీబీ ర్యామ్‌లో పెద్ద లైబ్రరీతో ఇది జరగని పని. ముఖ్యమైన రెండు మూడు వాద్యాలకి ప్లగిన్ పెట్టి, మిగతావి ఎంఎస్ బేసిక్‌కో మ్యూజ్ సౌండ్స్‌కో వదిలేయండి. బఫర్ 512కి పెంచండి. 48 కిలోహెర్ట్జ్‌లో అది సుమారు 11 మిల్లీసెకన్లు, స్కోర్ వినడానికి ఏ ఇబ్బందీ ఉండదు. కీబోర్డుతో లైవ్‌గా వాయించేటప్పుడు మాత్రం 128కి దించుకోండి. ఆసియో డ్రైవర్ వాడుతుంటే బ్రౌజర్‌లో యూట్యూబ్ మూసేయండి, కొన్ని ఇంటర్‌ఫేస్‌లు ఒకసారి ఒక్కరికే సౌండ్ ఇస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా దారికి రాకపోతే ప్లగిన్ తయారీదారుకి రాయాల్సిందే. "పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే జవాబు రావడానికి వారం, మళ్లీ వాళ్లు అడిగేవి పంపడానికి ఇంకో వారం. యాప్ వెర్షన్, ప్లగిన్ వెర్షన్, విండోస్ వెర్షన్, ఈవెంట్ వ్యూయర్‌లోని ఆ ఎంట్రీ, సర్జ్ ఎక్స్‌టీ మోగిందో లేదో, ఇవి మొదటి మెయిల్‌లోనే పెట్టండి. ఒకే వాద్యం, నాలుగు కొలతలున్న చిన్న స్కోర్ ఫైల్ కూడా జత చేయండి. మీ పూర్తి పాట పంపక్కర్లేదు.