హైదరాబాదు నుంచి దుబాయికి ఎన్ని గంటలు?

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాదు పల్లెల నుంచి చాలామంది దుబాయికి పనికి పోతారు. "దుబాయి ఎంత దూరం?" అని ఇంట్లో ఆడవాళ్లను అడగండి. "చానా దూరం" అంటారు. చానా అంటే ఎంత? లెక్క కడదాం.

హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులో ఉంది. అక్కడి నుంచి దుబాయికి గాలిలో సుమారు 2,550 కిలోమీటర్లు. మధ్యలో అరేబియా సముద్రం ఉంది. సముద్రం మీద రోడ్డు లేదు. ఉందనే అనుకుందాం. గంటకు 50 కిలోమీటర్లు పోయే బస్సు ఎక్కడా ఆగకుండా పోయినా 51 గంటలు పడుతుంది. అంటే రెండు రోజుల మూడు గంటలు. విమానం గంటకు సుమారు 800 కిలోమీటర్లు పోతుంది. పైకి లేవడానికి, కిందికి దిగడానికి కొంత టైము పడుతుంది. అంతా కలిపి నాలుగు గంటలు, కొంచెం అటూ ఇటూ.

ఇప్పుడు ఒక టికెట్టు చదవండి.

హైదరాబాదు – 15వ తేదీ – 00:30
దుబాయి – 15వ తేదీ – 03:00

పన్నెండున్నరకు లేచింది. మూడుకు దిగింది. రెండున్నర గంటలే అయింది! మరి నాలుగు గంటలు అన్నాం కదా?

పొద్దు తూర్పున పొడుస్తుంది. దుబాయి మనకు పడమర దిక్కున ఉంది. అందుకే అక్కడ మనకన్నా ఆలస్యంగా తెల్లవారుతుంది. అక్కడి గడియారం మన గడియారం కన్నా గంటన్నర వెనక ఉంటుంది. మనకు ఉదయం 6 గంటలయితే వాళ్లకు 4:30. టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. దుబాయిలో 3 గంటలంటే మనకు 4:30. ఇప్పుడు లెక్క సరిపోయింది.

ఈ టికెట్టులో ఇంకో చిక్కు ఉంది. డబ్బు పోయే చిక్కు అదే.

"15 అని ఉంది కదా. 15 పొద్దున బస్సెక్కుతా" అన్నాడు పెనిమిటి.

భార్య టికెట్టు తీసుకుని చదివింది. "సున్నా సున్నా అంటే రాత్రి పన్నెండు దాటినట్టు. 15 పొద్దున పోతే విమానం ఉండదయ్యా. 14 నాడే పోవాలె" అంది.

ఆమె చెప్పింది నిజం. రాత్రి పన్నెండు కొట్టగానే తేదీ మారుతుంది. విమానం 14వ తేదీ రాత్రే, పన్నెండు దాటిన అరగంటకు పోతుంది. మూడు గంటల ముందే విమానాశ్రయానికి రమ్మంటారు. అంటే 14 రాత్రి 9:30కి అక్కడ ఉండాలి. జగిత్యాల నుంచి శంషాబాదుకు బస్సులో అయిదారు గంటలు పడుతుంది. 14 మధ్యాహ్నం రెండు గంటలకయినా ఇల్లు కదలాలి. గాలిలో ఉండేది నాలుగు గంటలే. ఇల్లు కదిలిన దగ్గర నుంచి దిగేదాకా పద్నాలుగున్నర గంటలు!

ఫోనుకూ ఇదే లెక్క. దుబాయిలో సాయంత్రం 6కు పని దిగేవాడికి 6కు ఫోను చేయాలంటే మన గడియారంలో 7:30 కావాలి. కడప, గోదావరి జిల్లాల నుంచి చాలామంది ఆడవాళ్లు ఇంటి పనికి కువైటు పోతారు. కువైటు గడియారం ఇంకా వెనక. మనకూ వాళ్లకూ రెండున్నర గంటల తేడా.

మీరు లెక్క కట్టండి:

తిరుగు టికెట్టు మీద ఇట్లా ఉంది. దుబాయి – 20వ తేదీ – 22:00. హైదరాబాదు – 21వ తేదీ – 03:00. విమానం గాలిలో ఎన్ని గంటలు ఉంది? ఇంటికి వచ్చేవాడి కోసం శంషాబాదుకు ఏ రాత్రి పోవాలి?