సేవ చేసేవారికి జీతం

“మేమిచ్చేది పేదలకు, సిబ్బంది జీతాలకు కాదు.” మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో చందాకు వెళ్లినప్పుడు మనం తరచూ వినే మాట ఇది.

దివ్య ఖుర్ఆన్ (9:60) జకాత్‌కు ఎనిమిది పద్దులు నిర్ణయించింది. ఫకీర్లు, మిస్కీన్ల తర్వాత మూడో పద్దు, జకాత్ వసూలు చేసి పంచే ఉద్యోగులదే. అది దానం కాదు, పనికి ప్రతిఫలం.

పెద్ద పదవికీ ఇదే సూత్రం. బట్టల వ్యాపారి అయిన హజ్రత్ అబూబకర్ (రజి) క్రీ.శ. 632లో ఖలీఫా అయ్యాక కూడా మూట భుజాన వేసుకుని బజారుకు బయలుదేరారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆపి, బైతుల్‌మాల్ నుంచి భత్యం ఏర్పాటు చేయించారు. అది ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒక సామాన్య ముహాజిర్ ఇల్లు గడిచేంత.

పెడన కలంకారీ అద్దకందారుకు, చిలకలపూడి రోల్డుగోల్డు కార్మికునికి పని చూసి కూలి ఇస్తాం. మౌజన్‌కు మాత్రం సవాబు చూపి సరిపెట్టడం న్యాయమా? ఆదాయం చాలని మస్జిదుల్లో ప్రభుత్వ గౌరవ వేతనం ఇమాంకు 10,000, మౌజన్‌కు 5,000 రూపాయలు. దానితో ఇల్లు గడవదు.

ఇమాం, ఉస్తాదుల జీతాలకు జకాత్ సొమ్ము వాడరాదని హనఫీ ఉలమాల మాట. అందుకే దాతలారా, జకాత్‌తో పాటు లిల్లాహ్ చందా కూడా ఇవ్వండి. రసీదులో ఏది ఏదో రాయించుకోండి. జీతాల లెక్క అడగండి. చూపడం మన సంస్థల బాధ్యత.