కారు కిటికీలోంచి పులికాట్

పక్షుల కోసం రోడ్డు ప్రయాణం పెట్టుకునేవాళ్లకి నేను ముందుగా చెప్పే మాట ఒక్కటే: కారు దిగకండి. కాలువగట్టున నిలబడ్డ కొంగ పక్కనుంచి పొద్దస్తమానం లారీలు పోతుంటాయి, అది తల తిప్పి చూడదు. అదే ఒక కారు ఆగి, తలుపు తెరుచుకుని మనిషి కిందికి దిగాడంటే చాలు, ఎగిరిపోతుంది. వేటగాడికి మాటు ఉన్నట్టు మనకి కారు ఉంది. మిగతా ఏర్పాట్లన్నీ దాని చుట్టూనే చేసుకోవాలి. విజయవాడ వైపు నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద సూళ్లూరుపేటకీ, అక్కణ్నుంచి పులికాట్ సరస్సుకీ వెళ్లే దారి ఇందుకు చక్కగా సరిపోతుంది.

మొదటి పని, రోజు ఎంచుకోవడం. ఆ ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలే ఆధారం. నీళ్లు నిండి, ఆకాశం తేటపడే జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. వానలు మొహం చాటేసిన ఏడాది రోడ్డు పక్క నీళ్లు ఇంకిపోయి ఫ్లెమింగోలు దూరం జరుగుతాయి. కాబట్టి బయల్దేరేముందు అక్కడి లాడ్జికి ఫోన్ చేసి నీళ్లెలా ఉన్నాయో కనుక్కోండి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం వద్దు. తనిఖీలతో, జనంతో ఆ దారి కిటకిటలాడుతుంది.

సామాను ఎక్కువేం అక్కర్లేదు. బైనాక్యులర్స్, నాలుగు వందలు లేదా ఆరు వందల మిల్లీమీటర్ల దాకా అందే జూమ్ లెన్స్ ఉంటే చాలు. ట్రైపాడ్ కారులో పనికిరాదు. దాని బదులు పాత జీన్స్ ప్యాంటు కాలొకటి కత్తిరించి ఒక కొస కుట్టేసి, ఇంకో కొసకి జిప్పు పెట్టించండి. ఖాళీగా తీసుకెళ్లి, అక్కడి కిరాణా కొట్లో బియ్యం కొని ముప్పాతిక వంతు నింపండి. నిండుగా కుక్కితే లెన్సు ఒదగదు, పక్కకి దొర్లుతుంది. కిటికీ అద్దం పూర్తిగా దించి, ఆ సంచీని తలుపు అంచు మీద వేసి, లెన్సు దాని మీద ఆనించాలి. ఇంజన్ ఆపడం మర్చిపోకూడదు, ఆ అదురుకే బొమ్మ చెదిరిపోతుంది. తిరిగొచ్చాక ఆ బియ్యం కడిగి వండుకోవచ్చు.

దారి పొడుగునా తీగల మీద పాలపిట్టలు, ఏట్రింతలు, కాలువల దగ్గర లకుముకి పిట్టలు కనబడతాయి. హైవే మీద మాత్రం ఆగొద్దు. ఊళ్లలోకి దిగే రోడ్లెక్కి అక్కడ చూసుకోండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు దగ్గర కాసేపు ఆగితే, ఊరి మధ్యనే కొంగలు, గూడబాతులు చెట్లనిండా గూళ్లు కట్టుకున్న తీరు చూడొచ్చు.

నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేట ఇంకా రాకముందే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు వస్తుంది. 1976లో పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన చెరువు అది. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతాయి. ఇక్కడ కెమెరా కంటే ముందు బైనాక్యులర్స్ తియ్యండి. తల్లి గూటి మీద వాలి నోరు తెరుస్తుంది. పిల్ల తన తలనీ మెడనీ తల్లి ముక్కు కింది సంచీలోకి దూర్చేస్తుంది, బయట దాని ఒళ్లు మాత్రమే రెక్కలు కొట్టుకుంటూ కనబడుతుంది. తల్లి ఊపిరెలా ఆడుతుందా అని మనకి కంగారు పుడుతుంది. కాసేపటికి పిల్ల తల బయటికి తీసి, మళ్లీ దూరుస్తుంది. ఆ దృశ్యానికి దగ్గర కావాలని కట్ట దిగడం, చప్పట్లు కొట్టి లేపడం మహా పాపం. పెద్దపక్షి గూడు వదిలి లేచిందంటే గుడ్లు, పసికూనలు ఎండకీ కాకులకీ వదిలిపెట్టినట్టే.

రాత్రి సూళ్లూరుపేటలో పడుకుని, తెల్లవారుజామునే సరస్సు రోడ్డెక్కాలి. లాడ్జి నుంచి బయల్దేరినప్పటి నుంచీ ఏసీ కట్టేసి అద్దాలు దించండి. చల్లబడ్డ లెన్సుకి ఉప్పు గాలి తగిలితే ఆవిరి పట్టేస్తుంది, తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఎవరు ఎటు కూర్చోవాలి అన్నది. ఆ రోడ్డు సరస్సును చీల్చుకుంటూ తూర్పుకి, శ్రీహరికోట వైపు పోతుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి, దక్షిణం మీదుగా తిరిగి నైరుతిలో కుంగుతాడు. అంటే రోజంతా వెలుగు దక్షిణం నుంచే. రోడ్డుకి ఉత్తరాన ఉన్న పక్షులు వెలుగులో ఉంటాయి, దక్షిణాన ఉన్నవి నల్లటి నీడలుగా మిగులుతాయి. వెళ్లేటప్పుడు మన కారు ఎడమ పక్కన, అంటే ఉత్తరపు నీళ్లను ఆనుకుని పోతుంది. ఫొటోలు తీసేవాళ్లు డ్రైవరు పక్క సీట్లో, ఎడమ కిటికీ దగ్గర కూర్చోవాలి. నీళ్లకీ మనకీ మధ్య వాహనాల రాకపోకలుండవు, వెలుగు మన వీపు మీదుగా పక్షి మీద పడుతుంది. తిరుగు ప్రయాణంలో ఎడమ కిటికీకి దక్షిణమే దక్కుతుంది. అందుకే ముఖ్యమైన ఫొటోలన్నీ వెళ్లేటప్పుడే తీసెయ్యాలి. శ్రీహరికోట ద్వీపం చెక్‌పోస్టుకి చాలా ముందే వెనక్కి తిప్పండి, ఆ చుట్టుపక్కల కెమెరా ఎత్తకండి.

ఫ్లెమింగోల గుంపు కనబడగానే దాని ఎదురుగా వెళ్లి బ్రేకు వెయ్యకండి. దూరంలోనే వేగం తగ్గించి, మార్జిన్‌లోకి దిగి, ఇంజన్ ఆపి కూర్చోండి. ఫ్లెమింగో తల తలకిందులుగా నీళ్లలో ముంచి, ముక్కుతో బురదనీటిని జల్లెడ పట్టి తింటుంది. తలలు నీళ్లలో ఉన్నంతసేపూ మీ ఉనికి వాటికి పట్టలేదన్నమాట. ఒకటి తర్వాత ఒకటి మెడలెత్తి, అన్నీ ఒకే దిక్కుకి నడక మొదలుపెడితే మీరు హద్దు దాటినట్టే. అక్కణ్నుంచి ఒక్క అడుగు కూడా ముందుకి వద్దు. అవి లేవాలంటే నీళ్ల మీద పరుగెత్తి బలమంతా పెట్టాలి. ఎర్రటి రెక్కల ఫొటో కోసం వాటిని తరిమేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓపిగ్గా ఉంటే వాటంతటవే లేచి, చోటు మారతాయి.

మేస్తున్న పక్షికి షట్టర్ 1/500 సరిపోతుంది, ఎగిరేదానికి 1/2000 పెట్టి ఐఎస్ఓను ఆటోలో వదిలెయ్యండి. ముదురు నీళ్ల ముందు తెల్లటి ఈకలు మాడిపోకుండా ఎక్స్‌పోజర్ అర స్టాపు తగ్గించాలి. ఆకాశం వెనకాల ఉంటే ఒక స్టాపు పెంచాలి. ఎండ ముదిరాక నీటి మీద ఆవిరి ఆడుతుంది, దూరపు ఫొటోలు ఎంత ఖరీదైన లెన్సుతోనూ తేలవు. అప్పుడిక టిఫినుకి లేవడమే మేలు.

కారులోనే లెక్క కూడా రాసేసుకోండి. గుంపులో పదింటిని వేలితో కొలిచి, ఆ వెడల్పు మొత్తం గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూస్తే సంఖ్య దగ్గరగా తేలుతుంది. ముక్కు గులాబీ రంగులో ఉండి కొస మాత్రం నలుపైతే పెద్ద ఫ్లెమింగో, ముక్కంతా ముదురుగా ఉంటే చిన్నది. చోటు, సమయం, సంఖ్య పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. వచ్చే ఏడాది ఆ నీళ్లలో ఎన్ని తగ్గాయో, ఎన్ని పెరిగాయో చెప్పగలిగేది ఆ అంకెలే. గూళ్ల దగ్గరి ఫొటోలకి మాత్రం ఊరి పేరు పెట్టి సోషల్ మీడియాలో వెయ్యకండి.