మోటారు సైకిలు మొరాయించినపుడు

దేవరకొండ ప్రాంతమునందలి తండాలకును, అచ్చంపేట, అమ్రాబాదు గుట్టల నడుమనున్న పల్లెలకును చాలవరకు రాత్రివేళ బస్సు ఉండదు. అట్టి సమయమున పసిబిడ్డకు జ్వరము హెచ్చినను, పొలమునుండి వచ్చుచున్న మనిషిని పాము కరచినను ఇంటివారు మొదట పొరుగింటి మోటారు సైకిలు కొరకే పరుగెత్తుదురు. 2005వ సంవత్సరము నుండి 108 వాహనములు నడచుచున్న మాట నిజమే. కాని ఆ వాహనము రాగల దారివరకైనను రోగిని చేర్చుటకు తరచుగా మోటారు సైకిలే ఆధారము. ఆ క్షణమున కిక్కు కొట్టి కొట్టి కాలు నొచ్చినను బండి స్టార్టు కాకున్నచో కలుగు నష్టము రూపాయలలో లెక్కించునది కాదు.

అందుచేత గ్రామ క్షేమమును కోరు పంచాయతీ సభ్యులు ఈ యంత్రమును గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. ఇది మెకానిక్కు విద్య నంతయు నేర్చుకొనుట కాదు. లోపమును ఏ వరుసలో వెదకవలెనో తెలిసికొనుట మాత్రమే.

మన దేశమున 100 సీసీ ఫోర్ స్ట్రోకు బండ్ల కాలము 1985లో హీరో హోండా సీడీ 100తో ఆరంభమైనది. 1994లో స్ప్లెండరు వచ్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు అమలులోనికి వచ్చుటచే క్రొత్త మోటారు సైకిళ్ళలో దాదాపుగా కార్బొరేటరు పోయి, దాని స్థానమున పెట్రోలును సూదిమందువలె చిమ్ము ఇంజెక్షను పద్ధతి వచ్చినది. అయినను పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట పల్లెలలో పాలకేంద్రమునకు క్యానులు మోయునవియు, పొలమునకు ఎరువుబస్తా తెచ్చునవియునైన బండ్లలో పెక్కు ఇప్పటికిని కార్బొరేటరు బండ్లే. ఈ పాఠము వానిని గూర్చినది.

ఇంజను కోరు మూడు వస్తువులు

పొయ్యి మండుటకు కట్టె, గాలి, నిప్పు కావలెను. ఇంజనుకును అంతే. కట్టెకు బదులు పెట్రోలు, నిప్పుకు బదులు ప్లగ్గునందలి కరెంటు. ఈ మూడింటికి తోడు సిలిండరులో తగినంత ఒత్తిడి, అనగా కంప్రెషను, ఉండవలెను. కిక్కు కొట్టునపుడు కాలికి తగులు బిగువే దానికి గుర్తు. బిగువు లేక కిక్కు తేలికగా జారిపోవుచున్నచో వాల్వులనో రింగులనో అనుమానింపవలెను. అది షెడ్డులో చేయు పని.

పెట్రోలును, గాలిని కలుపు పాత్రయే కార్బొరేటరు. దీని గొట్టము నడుమ సన్నగిల్లి యుండును. ఆ ఇరుకులో గాలి వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. అపుడు క్రింది గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రముల గుండా పైకి లేచి, తుంపరయై గాలిలో కలియును. బరువున ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ళ గాలి కలిసిన మంట చక్కగా ఉండును.

ఈ రంధ్రములనే జెట్టు లందురు. వీనిలో ముఖ్యమైనవి రెండు. బండి నిలిచియుండి మెల్లగా నడచునపుడు పనిచేయునది పైలట్ జెట్టు. ఎక్సలేటరు త్రిప్పి వేగముగా పోవునపుడు పనిచేయునది మెయిన్ జెట్టు. పైలట్ జెట్టు రంధ్రము అర మిల్లీమీటరుకన్న సన్నము. ఒక్క నలుసు చాలు దానిని మూయుటకు. ఈ ఒక్క సంగతి గుర్తున్న సగము పని తెలిసినట్లే. రోడ్డుపై చక్కగా పరుగెత్తి, నిలుపగానే ఆగిపోవు బండికి చాలవరకు పైలట్ జెట్టు మార్గముననే లోపముండును. నిలిచినపుడు చక్కగానుండి, వేగమున లాగని బండికి మెయిన్ జెట్టునో, ఎయిర్ ఫిల్టరునో చూడవలెను.

మొదటి ఐదు నిమిషములు

మనవారు చేయు పెద్ద పొరపాటు ఒకటి కలదు. బండి స్టార్టు కానిచో వెంటనే స్క్రూడ్రైవరు తీసికొని కార్బొరేటరు స్క్రూలు త్రిప్పుట మొదలిడుదురు. నిన్నటివరకు సరిగా ఉన్న స్క్రూ రాత్రికి రాత్రి తనంత తాను చెడిపోదు. దానిని త్రిప్పినచో పాత లోపమునకు తోడు క్రొత్త లోపము చేరును. కావున ఖర్చులేని పరీక్ష మొదట, స్క్రూ చివర. ఇదే ఈ పాఠమునకు సూత్రము.

1. ట్యాంకు మూత తీసి, బండిని ప్రక్కకు ఊపి, పెట్రోలు ఉన్నదో లేదో వినవలెను. ఈ పనికి అగ్గిపుల్ల గీయరాదు. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువై నేలవెంట ప్రాకును. దూరముననున్న బీడీ నిప్పుకైనను అంటుకొనును.

2. పెట్రోలు ట్యాపు మూసియున్నదేమో చూచి, పెట్రోలు తక్కువగా నున్నచో రిజర్వునకు త్రిప్పవలెను. తాళముతో పాటు హ్యాండిలుపై ఇంజను స్విచ్చి ఉన్న బండ్లలో దానినిగూడ చూడవలెను.

3. తెల్లవారు చలిలో ఇంజను చల్లబడి యున్నపుడు మాత్రము చోకు వేయవలెను. ఇంజను కొంచెము వేడెక్కగానే చోకు తీసివేయవలెను. మరచినచో నల్లని పొగ వచ్చును, ప్లగ్గు మసిపట్టును.

4. పెట్రోలు వాసన గుప్పున కొట్టుచు స్టార్టు కానిచో లోనికి పెట్రోలు ఎక్కువ పోయినదని గ్రహింపవలెను. అపుడు ట్యాపు కట్టి, చోకు తీసి, ఎక్సలేటరు పూర్తిగా త్రిప్పి పట్టుకొని ఎనిమిది, పది కిక్కులు కొట్టిన ఎక్కువైన పెట్రోలు వెడలిపోవును. పిదప ట్యాపు విప్పి మామూలుగా ప్రయత్నింపవలెను.

5. కొన్ని మైళ్ళు నడచి ఆగిపోయి, మూత తీసి పెట్టగానే మరల నడచు బండికి ట్యాంకు మూతలోని గాలిరంధ్రము మూసుకొనియుండును. లోనికి గాలి పోనిదే పెట్రోలు క్రిందికి దిగదు. మన ఎఱ్ఱచెల్క దారుల దుమ్ములో ఇది అరుదు కాదు.

ప్లగ్గు చెప్పు మాట

పై పరీక్షలతో ఫలితము లేనిచో ప్లగ్గు పానాతో ప్లగ్గు విప్పవలెను. వైద్యుడు నాలుక చూచి జబ్బును ఊహించినట్లు ప్లగ్గు కొనను చూచి ఇంజను స్థితిని తెలిసికొనవచ్చును.

ఇటుకరంగు లేక లేత గోధుమరంగు ఉన్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నది. పొడిగా నల్లని మసియున్నచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండియుండవచ్చును, లేదా చోకు తెరచుకొనకుండవచ్చును. నూనెవలె జిడ్డుగా నున్నచో ఇంజనాయిలు లోనికి వచ్చుచున్నది. అది షెడ్డు పని. తెల్లగా కాలినట్లున్నచో పెట్రోలు తక్కువై ఇంజను వేడెక్కుచున్నది. ఎంత కిక్కు కొట్టినను ప్లగ్గు ఎండియే యున్నచో పెట్రోలు ఇంజనుకు అందుటలేదు. తడిసియున్నచో పెట్రోలు అందుచున్నది, కాని అంటుకొనుటలేదు. అపుడు కరెంటును పరీక్షింపవలెను.

ప్లగ్గును తుడిచి, క్యాపునకు తగిలించి, దాని లోహభాగమును ఇంజనుకు ఆనించి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా నుంచి కిక్కు కొట్టవలెను. పెట్రోలు ఒలికిన చోట ఈ పరీక్ష చేయరాదు. నీలిరంగు రవ్వ చటుక్కున మెరసినచో కరెంటు బాగున్నది. పసుపురంగున బలహీనముగా నున్నను, అసలు రాకున్నను మొదట క్రొత్త ప్లగ్గు వేసి చూడవలెను. ప్లగ్గు కొనల నడుమ ఎడము అర మిల్లీమీటరుకు పైన, ఒక మిల్లీమీటరుకు లోపల ఉండును. సరియైన కొలత బండితో ఇచ్చిన పుస్తకములో ఉండును. వానలో తడిసిన బండికి ప్లగ్గు క్యాపులోని నీటిని తుడిచి ఆరబెట్టుటయే తరచుగా చాలును.

కార్బొరేటరు శుభ్రత

కరెంటు ఉన్నది, ప్లగ్గు మాత్రము ఎండియున్నది. అపుడు కార్బొరేటరు వంతు. గిన్నె అడుగున నున్న చిన్న స్క్రూను వదులు చేసి అందులోని పెట్రోలును గాజుగ్లాసులోనికి తీసి చూడవలెను. అడుగున నీటి బొట్లు గాని, త్రుప్పు గాని కనిపించినచో దోషి దొరికినట్లే. ఏమియు రాకున్నచో పైన ట్యాపు గాని, లోపలి ఫ్లోట్ సూది గాని అడ్డుపడినది. గిన్నెనుండి పెట్రోలు తనంతట కారుచున్నచో అదే సూది సరిగా మూసుకొనుటలేదు.

జెట్టులను విప్పినపుడు వానిలో ఇనుపతీగ దూర్చరాదు. జెట్టు ఇత్తడిది, మెత్తనిది. రంధ్రము వెంట్రుకవాసి పెద్దదైనను ఆపైన పెట్రోలు వాడకము హెచ్చును. పెట్రోలుతో కడిగి, పంపు గాలితో ఊది, వెలుతురునకు పెట్టి రంధ్రము గుండ్రముగా కనిపించుచున్నదో లేదో చూచుకొనుట చాలును.

స్లో సరిచేయు విధము

నిలిపిన బండి ఆగిపోకుండ సమముగా నడచుటనే మెకానిక్కులు స్లో అందురు. 100 సీసీ బండ్లలో ఇంజను నిమిషమునకు సుమారు 1400 చుట్లు తిరుగుచుండుట దీనికి కొలత. ప్లగ్గు, ఫిల్టరు, జెట్టులు శుభ్రముగా నున్నవని రూఢి చేసికొనిన పిమ్మటనే దీనికి పూనుకొనవలెను.

బండిని పది నిమిషములు నడపి ఇంజనును వేడి చేయవలెను. స్లో స్క్రూను బిగించి ఇంజను వేగమును కొంచెము పెంచవలెను. పిదప గాలి స్క్రూను పావుచుట్టు చొప్పున అటు నిటు త్రిప్పుచు, ఇంజను మిక్కిలి వేగముగా, సమముగా తిరుగు చోట నిలుపవలెను. అటుపై స్లో స్క్రూను వదులు చేసి మామూలు వేగమునకు దింపవలెను. గాలి స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపు ఉన్న కార్బొరేటరులలో బిగించిన కొలది పెట్రోలు పాలు హెచ్చును. ఇంజను వైపు ఉన్నవానిలో తగ్గును. దీనిని విప్పుటకు ముందు ఎన్ని చుట్లు బిగియునో లెక్కించి వ్రాసికొనవలెను. గట్టిగా బిగించినచో దాని సన్నని కొన చెడును.

స్లో తగ్గక ఇంజను ఊరక అరచుచున్నచో హ్యాండిలును రెండు ప్రక్కలకు త్రిప్పి చూడవలెను. త్రిప్పినపుడు వేగము మారినచో ఎక్సలేటరు వైరు బిగువుగా నున్నది. మారనిచో కార్బొరేటరునకు, ఇంజనుకు నడుమనున్న రబ్బరు పగిలి దొంగగాలి చొచ్చుచుండవచ్చును.

వలస వెళ్ళినవారి బండి

పాలమూరు కూలీలు ముంబాయి, పుణె పనులకు పోవుట తరముల నుండి ఉన్నది. ఇంటి మగవారు నెలల తరబడి దూరమున నుందురు. బండి వసారాలో నిలిచియుండును. ఆ కాలమున గిన్నెలోని పెట్రోలు ఆవిరియై జిగురు మిగులును. ఆ జిగురే పైలట్ జెట్టును మూయును. ఇంటనున్న ముసలివారికి అవసరమై పొరుగువాడు కిక్కు కొట్టినపుడు బండి పలుకదు.

నేటి పెట్రోలు ఈ జాగ్రత్తను మరింత అవసరము చేసినది. 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు మన దేశమున 2023 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టబడి, క్రమముగా అంతట వ్యాపించినది. ఇథనాలు నీటిని పీల్చుకొను గుణము గలది. నీరు మితిమీరినచో ఇథనాలును, నీరును కలిసి ట్యాంకు అడుగున వేరుపడును. మొదట కార్బొరేటరునకు దిగునది ఆ నీరే. పాత బండ్ల రబ్బరు గొట్టములు, వాషర్లు దీనివలన త్వరగా చెడవచ్చును. ఏడాదికొకసారి వానిని వంచి చూచి, పగుళ్ళున్నచో మార్చవలెను.

బండిని వదలి పోవువారు ట్యాపు కట్టి, ఇంజను తనంత తాను ఆగువరకు నడపవలెను. గిన్నెలో మిగిలినది స్క్రూ తీసి వంపివేయవలెను. ఇంటివారో నమ్మకమైన పొరుగువారో పక్షమునకొకసారి బండిని పది నిమిషములు ఆరుబయట నడుపుట అన్నిటికన్న మేలు. మూసిన గదిలో ఇంజను నడుపరాదు. ఆ పొగలోని విషవాయువు ప్రాణము తీయగలదు.

పంచాయతీ చేయగలది

2018వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు ప్రత్యేక పంచాయతీలైనవి. చిన్న పంచాయతీయైనను చేయగల పనులు మూడు కలవు. పంచాయతీ కార్యాలయమున ఒక ప్లగ్గు పానా, ఒక స్క్రూడ్రైవరు, ఊరిలో ఎక్కువగా నున్న బండ్లకు సరిపోవు రెండు క్రొత్త ప్లగ్గులు, ఒక టార్చిలైటు నుంచి, వానిని తీసికొనువారి పేరు పుస్తకమున వ్రాయించుట మొదటిది. సమీప పట్టణపు మెకానిక్కును ఒక పూట పిలిపించి యువకులకును, బండి నడుపు స్త్రీలకును పై పరీక్షలను చేయించి చూపుట రెండవది. దుకాణములలో సీసాల పెట్రోలు అమ్మకమును మాన్పించుట మూడవది. అది అగ్నిప్రమాదమునకు మూలము. అందు కిరసనాయిలు కలిసినను కనిపెట్టుట కష్టము, కలిసినచో బండి స్టార్టు కాక పొగ చిమ్మును.

పంచాయతీ సభ్యులారా! మీ గ్రామమున రాత్రివేళ పనికి వచ్చు బండ్లు ఎన్ని ఉన్నవో, వానిలో ఎన్ని మొదటి రెండు మూడు కిక్కులకు పలుకుచున్నవో ఈ వారమే విచారించి చూడుడు. పలుకని బండి నొకదానిని ఎంచుకొని, పెట్రోలు, ప్లగ్గు, గాలి అను వరుసలో ఇంటి యజమాని చేతనే పరీక్ష చేయింపుడు. స్క్రూడ్రైవరును మాత్రము చివరివరకు జేబులోనే యుంచుడు.