మత్స్యన్యాయము న్యాయమగునా?

లోకమున యోగ్యతమములే మిగులుననియు, తక్కినవి నశించుననియు ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దీనిని పట్టుకొని కొందరు, “బలహీనుడు చెడుట సృష్టిధర్మము; మన మడ్డుపడనేల?” యని వాదింతురు. ఈ వాదము నిలుచునా యని విచారింతము.

ముందుగా పదముల యర్థమును నిర్ణయింపవలయును. ఈ మాటను 1864లో హెర్బర్టు స్పెన్సరు కల్పించెను. డార్విను తన జాతుల యుత్పత్తి గ్రంథపు అయిదవ కూర్పున, 1869లో, దానిని గ్రహించెను. ఇచ్చట యోగ్యత యనగా సద్గుణము గాదు. పరిసరములకు ఒదిగి సంతతిని నిలుపుకొనుట మాత్రమే. మంచుదేశమున దట్టమగు బొచ్చు యోగ్యత; మన యెండలలో నదియే భారము. కావున మిగిలినది మేలైనదని చెప్పుటకు వీలులేదు.

న్యాయాన్యాయములు ఎంచుకొను శక్తిగల కర్తకే చెల్లును. పిడుగుపై ఎవరును వ్యాజ్యము వేయరు. మన పూర్వులు పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను మత్స్యన్యాయమనిరి. ఆ న్యాయశబ్దమునకు దృష్టాంతమని యర్థముగాని ధర్మమని కాదు. అట్టి స్థితిని తొలగించుటకే రాజు కావలసెనని కౌటిల్యుని యర్థశాస్త్రము చెప్పుచున్నది.

చిలుకూరును చూడుడు. అచ్చట 1994లో ఏర్పడిన మృగవని జాతీయోద్యానమున జింకను కాపాడునవి దాని చెవులును కాళ్లును. ఆ యూరనే బాలాజీ దేవాలయమున హుండీ లేదు, ధనికులకు వేరు దర్శనము లేదు. అందరును ఒకే వరుసలో నిలువవలయును. వరుస లేనియెడల కండబలము గలవాడే ముందు చొచ్చును, ముసలివాడు వెనుకబడును. వరుస యనునది ప్రకృతి యిచ్చినది గాదు; మనుష్యుడు కల్పించిన న్యాయము.

ఈ భేదమును పాలకులు మరచినచో ఫలమెట్లుండును? 1876–78 నాటి కరవున కర్నూలు, బళ్లారి, కడప మండలములు అల్లాడెను. ధాన్యవ్యాపారమున జోక్యము కలిగించుకొనరాదని ప్రభుత్వము పట్టుపట్టెను. 1877లో సర్ రిచర్డు టెంపులు కరవుపనిచేయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, స్వల్పమగు సొమ్మును చాలునని నిర్ణయించెను. అది శ్రమించువానికి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. ఆ యేటనే కూలి పెంపబడెను. ఆ కరవున లక్షలకొలది జనులు మడిసిరి. వారు అయోగ్యులా? వానలు లేని సీమలో పుట్టుటయే వారి నేరము.

“దుర్బలులను పోషించినచో జాతి క్షీణింపదా?” యని యడుగువారు కలరు. ఈ శంకను డార్వినే 1871లో విచారించి, దయను విడిచినచో మన స్వభావమున ఉత్తమమగు భాగమే చెడునని తేల్చెను.

పోటీ యంతయు చెడ్డదని మేము చెప్పము. పరీక్షయందు, వర్తకమునందు అది తగును. అయితే అందరికిని నియమమొకటిగ నుండవలయును, సిద్ధపడుటకు అవకాశము లభింపవలయును, ఓడినవాని కంచములో అన్నము మిగులవలయును. తరతరములు బడి యెరుగని వానిని నేడు పరీక్షకు నిలిపి, ఓడినంతనే అయోగ్యుడనుట తీర్పు గాదు. విచారణకు ముందే వేసిన శిక్ష. ప్రకృతి యెట్లు నడచునో శాస్త్రము తెలుపును. మన మెట్లు నడువవలయునో మనమే నిర్ణయింపవలయును.