బావరి శిష్యుల పాదయాత్ర

విద్యార్థి గ్రంథములు చదివి కొంత నేర్చును. గురువును సేవించి కొంత నేర్చును. దేశములు తిరిగి కొంత నేర్చును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కొఱవడినను చదువు సంపూర్ణము కాదు. నేడు మన యువకులు విమానమెక్కి అమెరికాకును, జర్మనీకిని, ఆస్ట్రేలియాకును పై చదువులకు పోవుచున్నారు. అచ్చట సెలవులు దొరికినపుడు వీపున సంచి తగిలించుకొని, ఊరి వెంట ఊరు చూచుచు, వారము దినములు కాలినడకను తిరిగి వచ్చుచున్నారు. ఇది ఈ కాలపు క్రొత్త వేడుక యని కొందరు తలంతురు. కాని ఇంచుమించు రెండువేల అయిదువందల సంవత్సరములకు పూర్వమే మన గోదావరీ తీరము నుండి పదునాఱుగురు విద్యార్థులు ఇంతకంటె గొప్ప యాత్ర చేసినట్లు బౌద్ధ వాఙ్మయము చెప్పుచున్నది.

నిజామాబాదు పట్టణము నుండి బోధనునకు పోవు దారిలో ఎడపల్లి యను గ్రామము కలదు. చుట్టును వరిమళ్లు, చెఱకు తోటలు, చేరువనే అలీసాగరము. బోధను శక్కరునగరములో 1937లో స్థాపింపబడిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. అంతవరకు ఈ ప్రాంతమునకు చక్కెర వలననే పేరు. కాని చక్కెరకు ముందే, ఎన్నో శతాబ్దులకు పూర్వమే, ఈ నేలకు మఱియొక కీర్తి యుండెను. ప్రాచీన భారతమున వెలసిన పదునాఱు మహాజనపదములలో వింధ్య పర్వతమునకు దక్షిణమున నుండినది అశ్మక మొక్కటియే. పాళీ భాషలో దీనిని అస్సక మందురు. దాని రాజధాని యైన పోతన లేక పోదన నగరమే నేటి బోధనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. బోధనునకు ఉత్తరమున కందకుర్తి కడ మంజీర వచ్చి గోదావరిలో కలియును.

ఈ అశ్మక రాజ్యమున గోదావరి యొడ్డున బావరి యను బ్రాహ్మణాచార్యుడు ఆశ్రమము కట్టుకొని నివసించుచుండెను. ఆయన కోసల దేశము నుండి దక్షిణమునకు వచ్చినవాడు. మూడు వేదములును క్షుణ్ణముగా నెఱిగినవాడు. రాలిన గింజలను, అడవిలోని పండ్లను తిని జీవించువాడు. ఆయన కథ సుత్తనిపాతమను పాళీ గ్రంథములో పారాయణ వర్గమున నున్నది. ఆయన ఆశ్రమ స్థలము నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి యని కొందరు పండితులు చెప్పుదురు.

ఒకనాడు బావరి గొప్ప యజ్ఞము చేసి, తనకు గల ధనమంతయు దానము చేసి ఆశ్రమమునకు మరలెను. అంతలో మఱియొక బ్రాహ్మణుడు దుమ్ము కొట్టుకొనిన తలతో, వాచిన పాదములతో వచ్చి అయిదు వందల నాణెములిమ్మని యడిగెను. తన చేత నేమియు మిగులలేదనియు, మన్నింపుమనియు బావరి వినయముగా పలికెను. వచ్చినవాడు కోపించి, ఏడవ దినమున నీ తల ఏడు వ్రక్కలగునని శపించి పోయెను.

బావరి కృశించెను. అన్నము ముట్టలేదు, ధ్యానమున మనసు నిలువలేదు. మూడు వేదములు చదివిన ముదుసలి ఒక్క శాపవాక్యమునకు వణకుట వింతగా తోచవచ్చును. కాని ఆయనను బాధించినది ప్రాణభయ మొక్కటియే కాదు. శిరస్సన నేమి, శిరఃపాతమన నేమి యను ప్రశ్నకు తన చదువులో ప్రత్యుత్తరము దొరకకపోవుటయు ఆయనను కలతపెట్టెను. అప్పుడొక దేవత కనబడి, శాపమిచ్చినవాడు ధనము కోరు కపటి యనియు, శిరస్సును గూర్చి వాని కేమియు తెలియదనియు చెప్పెను. నాకును తెలియదు, తెలిసినవాడు బుద్ధుడొక్కడే, ఆయన కోసల రాజధాని యగు శ్రావస్తిలో నున్నాడని కూడ తెలిపెను. బావరికి భయము తగ్గెను. సందేహము మాత్రము తీరలేదు.

వృద్ధుడు తాను కదలలేడు. కనుక శిష్యులను పిలిచి, ఉత్తరదేశమునకు పోయి ఆ మహనీయుని దర్శించి రండని ఆజ్ఞాపించెను. అజితుడు, పుణ్ణకుడు, నందుడు, ఉదయుడు, మోఘరాజు, పింగియుడు మొదలగు పదునాఱుగురు సిద్ధమైరి. వీరు పసివారు కారు. ప్రతివాడును తన వెంట శిష్యగణము గలవాడే. పింగియుడైతే ముదుసలి. అయినను గురువు మాటకు ఎదురు చెప్పలేదు. వారు గురువునకు ప్రదక్షిణము చేసి, జడలు ధరించి, జింక చర్మములు కప్పుకొని బయలుదేరిరి.

ఆ కాలమున అశ్మకము వేఱు రాజ్యము, అవంతి వేఱు, వత్స, కోసల, మగధలు వేఱు వేఱు రాజ్యములు. కావున ఇది నిజముగా విదేశయాత్రయే. వారు మొదట గోదావరి వెంట ప్రతిష్ఠానమునకు పోయిరి. అదియే నేడు మహారాష్ట్రములోని పైఠాన్. అచ్చట నుండి నర్మదా తీరమందలి మాహిష్మతికిని, దాని తరువాత అవంతి రాజధాని యగు ఉజ్జయినికిని చేరిరి. గోనద్ధ మను ఊరు దాటి, బేత్వా నది కడనున్న విదిశకు వచ్చిరి. వనసాహ్వయము మీదుగా యమునా తీరమున వత్సరాజ్యమునకు రాజధాని యైన కౌశాంబిని చూచిరి. సాకేతము దాటి శ్రావస్తి ప్రవేశించిరి. ఈ సాకేతమునే మనము అయోధ్య యందుము.

కాని వారి దారి శ్రావస్తితో ముగియలేదు. సేతవ్య, కపిలవస్తు, కుశీనగరము, పావా, భోగనగరముల మీదుగా సాగెను. కపిలవస్తు బుద్ధుడు రాజకుమారుడుగా పెరిగిన పురము. కుశీనగరము తరువాతి కాలమున ఆయన నిర్యాణము పొందిన స్థలము. పిదప వారు వైశాలి చేరిరి. అచ్చట రాజు లేడు. లిచ్ఛవులు సభ గూడి పరిపాలన సాగించు గణరాజ్యమది. రాజుల ఏలుబడిలో పెరిగిన దక్షిణదేశ విద్యార్థులకు ఇది యెంత నూతన దృశ్యమో ఊహింపుడు. తుదకు గంగ దాటి, మగధలో రాజగృహ ప్రాంతమందలి పాషాణక చైత్యమున బుద్ధుని కనుగొనిరి. దారి పొడవు వెయ్యి మైళ్లకు మించును. వింధ్యను దాటిరి, నర్మదను దాటిరి, యమునను దాటిరి, గంగను దాటిరి. వాహనము లేదు, పటము లేదు, కాళ్లే వారికి బండ్లు. దక్షిణాపథమను ప్రాచీన మార్గము ఏ యే యూళ్ల మీదుగా పోయెనో తెలిసికొనుటకు ఈ విద్యార్థుల ప్రయాణ క్రమము నేటికిని చరిత్రకారులకు ఆధారమగుచున్నది.

బావరి బుద్ధిమంతుడు. ఎవరో చెప్పినంత మాత్రమున నమ్మవలదని శిష్యులకు ముందే బోధించియుండెను. ప్రశ్నలను నోట అడుగక మనసున తలంపుడనియు, నిజముగా జ్ఞానియే యైనచో నోట ప్రత్యుత్తరమిచ్చుననియు చెప్పియుండెను. అజితుడట్లే తన గురువు వయస్సు, గోత్రము, విద్య మొదలగునవి మనసులో అడిగెను. బుద్ధుడు బావరికి నూటయిరువది యేండ్లనియు, ఆయన మూడు వేదముల పారము ముట్టినవాడనియు చెప్పెను. పిమ్మట శిరస్సును గూర్చిన ప్రశ్నకు సమాధాన మొసగెను. శిరస్సనగా అజ్ఞానమే యనియు, శ్రద్ధ, ఎఱుక, ఏకాగ్రత, పట్టుదల, ఉత్సాహము తోడుగా గల విద్యయే దానిని పగులగొట్టుననియు ఆ సమాధానము యొక్క సారము. పగులవలసినది ముదుసలి తల కాదు, మనుష్యుని అవిద్య. భయపెట్టుటకు పుట్టిన మాట ఇట్లు పాఠముగా మాఱెను.

తరువాత పదునాఱుగురును ఒక్కొక్కరుగా తమ సందేహము లడిగిరి. మోఘరాజు రెండు మారులడిగియు ప్రత్యుత్తరము పొందక, మూడవ మారు అడిగి పొందెను. పింగియుడు తనకు ముసలితనము వచ్చినదనియు, చూపు మందగించినదనియు, వినికిడి తగ్గినదనియు, సందేహము తీరకయే మరణింప నిష్టము లేదనియు విన్నవించుకొని ఉపదేశము పొందెను. ఆ పింగియుడే మరల గోదావరి తీరమునకు వచ్చి, తాను కన్నదియు విన్నదియు బావరికి నివేదించెను. దేహము బలహీనమైనందున బుద్ధుని కడకు మరల పోజాలననియు, మనసు మాత్రమచ్చటనే యున్నదనియు చెప్పెను. గురువు శిష్యుని నోట పాఠము వినుటకు సిగ్గుపడలేదు.

బుద్ధుని జీవితకాలముననే ఆయన బోధ గోదావరీ తీరమునకు చేరెనని ఈ కథ సూచించుచున్నది. ధూళికట్ట, ఫణిగిరి మొదలగు చోట్ల బయల్పడిన స్తూపములు ఆ ధర్మము ఈ నేలపై పిదప ఎట్లు వేళ్లూనెనో చూపుచున్నవి. ఏడవ శతాబ్దమున ఈ దారి ఎదురు దిక్కున కూడ నడచినది. హ్యూయన్‌త్సాంగు చీనా నుండి వచ్చి నలందలో చదివి, మన ధాన్యకటకమును కూడ దర్శించి, 645లో 657 గ్రంథములతో స్వదేశమునకు మరలెను.

ఊళ్లు చూచుట యాత్ర. చూచిన దాని వలన సందేహము తీర్చుకొనుట విద్యాయాత్ర. బావరి శిష్యుల కడ ధనము లేదు, సామగ్రి లేదు. ఒక్క ప్రశ్న మాత్రముండెను. ఆ ప్రశ్నయే వారిని వెయ్యి మైళ్లు నడిపించెను. సమాధానము దొరకిన పిదప దానిని తమలోనే దాచుకొనక, ఎదురుచూచుచున్న వృద్ధునికి చేర్చిరి. దూరదేశములకు పోవు మన విద్యార్థులును పోవునపుడొక ప్రశ్నను వెంట తీసికొని పోవలెను. వచ్చునపుడొక సమాధానమును ఊరివారికి తెచ్చి యీయవలెను.

ప్రశ్నలు

1. బావరిని బాధించిన సందేహమేది? దానికి బుద్ధుడిచ్చిన సమాధానమును మీ మాటలలో వ్రాయుడు.
2. బావరి శిష్యులు నడచిన మార్గమును భారతదేశ పటముపై గుర్తింపుడు.
3. వైశాలి పరిపాలనము ఇతర రాజ్యముల పరిపాలనము కంటె ఎట్లు భిన్నమైనది?
4. ప్రశ్నలను మనసున తలంపుడని బావరి చెప్పుటలోని ఉద్దేశమేమి?